హైస్కూల్ ల్యాబ్‌కు విండోస్, లినక్స్, క్రోమ్‌బుక్, ట్యాబ్: ఏది తీసుకోవాలి?

జడ్పీ_లెక్కల_టీచర్ (ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది జిల్లా పరిషత్ హైస్కూల్. ఆరు నుంచి పదో తరగతి వరకు 380 మంది పిల్లలున్నారు. పూర్వ విద్యార్థుల బ్యాచ్ ఒకటి రజతోత్సవ సమ్మేళనం చేసుకుని, కంప్యూటర్ ల్యాబ్ కోసం నాలుగు లక్షలు ఇస్తామంది. గది సిద్ధంగా ఉంది, కిటికీలకు గ్రిల్స్ ఉన్నాయి, ఫైబర్ నెట్ ఒక కనెక్షన్ ఉంది. అది వానాకాలంలో వారానికి రెండుసార్లైనా పోతుంది.

ఇప్పుడు ఏ కంప్యూటర్లు కొనాలన్న దగ్గర ఆగిపోయాం. దాతల్లో ఒకరు విండోస్ ల్యాప్‌టాప్‌లు అంటున్నారు. బెంగళూరులో ఉన్న ఇంకొకరు క్రోమ్‌బుక్‌లైతే (గూగుల్ సిస్టమ్‌తో, ఎక్కువగా బ్రౌజర్ మీదే నడిచే ల్యాప్‌టాప్‌లు) వైరస్ బాధ ఉండదంటున్నారు. ఒకరు ట్యాబులైతే ఎక్కువమంది పిల్లలకు అందుతాయంటున్నారు. మా హెచ్ఎం గారికి ఒకటే భయం. 2008లో బూట్ పద్ధతిలో (ప్రైవేటు కంపెనీ ల్యాబ్ పెట్టి, కొన్నేళ్లు నడిపి, తర్వాత స్కూలుకు అప్పగించే ఒప్పందం) అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల హైస్కూళ్లకు ల్యాబులు వచ్చాయి, మాకూ వచ్చింది. ఒప్పందం ముగిశాక రిపేరుకు వచ్చే మనిషీ లేడు, నేర్పే ఇన్‌స్ట్రక్టరూ లేరు. ఆ సీపీయూలు ఇప్పటికీ స్టోర్ రూమ్‌లో ఉన్నాయి, స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి కాబట్టి పారేయడానికీ లేదు. ఈసారి అలా కాకూడదు.

నేను లెక్కలు చెప్తాను, కంప్యూటర్ల మీద ఇష్టం ఉంది, అంతకు మించి చదువుకోలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

ఒంగోలు_హార్డ్‌వేర్

మేడం, నమస్తే. మాది రిపేర్ షాపు. చుట్టుపక్కల స్కూళ్ల ల్యాబులు చూస్తుంటాను కాబట్టి ముందుగా చెడిపోయేవి ఏమిటో చెప్తాను.

మొదట పోయేది ఎస్ఎంపీఎస్, అంటే సీపీయూకు కరెంటు అందించే పెట్టె. కారణం ఓల్టేజీ, సరైన ఎర్తింగ్ లేకపోవడం. తర్వాత హార్డ్ డిస్కు. ఆ తర్వాత కీబోర్డు, మౌస్. లాన్ కేబుల్ ఎలుకలు కొరుకుతాయి. సాఫ్ట్‌వేర్ వల్ల ఆగిపోయిన ల్యాబుల కంటే కరెంటు వల్ల ఆగిపోయిన ల్యాబులే నేను ఎక్కువ చూశాను. అందుకని నాలుగు లక్షల్లో కనీసం లక్ష వైరింగ్, ఎర్తింగ్, ఇన్వర్టర్‌కు పక్కన పెట్టండి. దాతలకు ఇది నచ్చదు, ఎందుకంటే ఎర్తింగ్ గుంత ఫొటోలో కనపడదు. అయినా గట్టిగా చెప్పండి.

ల్యాప్‌టాప్‌లు, ట్యాబులు వద్దంటాను. వేసవి సెలవుల్లో ఛార్జింగ్ లేకుండా బీరువాలో పెడితే జూన్‌లో తీసేసరికి కొన్నిటి బ్యాటరీలు ఉబ్బిపోయి ఉంటాయి. డెస్క్‌టాప్‌కు ఆ గొడవ లేదు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో, ఇంకా చాలాచోట్ల, కార్పొరేట్ ఆఫీసులు వదిలేసిన చిన్న సైజు పీసీలు దొరుకుతాయి. పుస్తకం అంత ఉంటాయి, మానిటర్ వెనకాలే బిగించేయొచ్చు. ఆరో, ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నవి చాలు. పాత టవర్ సీపీయూ, మానిటర్ కలిపి 120 నుంచి 150 వాట్లు లాగితే, ఇవి మానిటర్‌తో కలిపి మామూలు పనిలో 45 వాట్ల దగ్గర ఉంటాయి. పదహారు సీట్లు పెట్టినా 720 వాట్లే. రెండు బ్యాటరీల ఇన్వర్టర్ మీద రెండు గంటల పైనే నడుస్తాయి. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టడం మరచిపోకండి, లేకపోతే కరెంటు మారే క్షణంలో అన్నీ రీస్టార్ట్ అవుతాయి.

---

నాన్న_నరసరావుపేట

అన్నీ బాగానే ఉన్నాయి గానీ పాత మెషీన్లలో విండోస్ 11 ఎక్కుతుందా? పిల్లలకు నేర్పేది విండోస్, ఎక్సెల్ కాకపోతే ఏం లాభం? సచివాలయంలో, మీసేవలో, బ్యాంకులో, ఏ ఆఫీసుకు వెళ్లినా అవే కదా. నేను ప్రైవేటు అకౌంటెంట్‌ని. ఉద్యోగానికి వచ్చే పిల్లలను మొదట అడిగేది ఎక్సెల్, ట్యాలీ వచ్చా అనే. ప్రభుత్వ స్కూలు పిల్లలకే వేరే ఏదో నేర్పి, ప్రైవేటు స్కూలు పిల్లలకు విండోస్ నేర్పితే మన పిల్లలు మళ్లీ వెనకబడతారు.

---

ఒంగోలు_హార్డ్‌వేర్

అధికారికంగా ఎక్కదు సార్. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైన ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు, స్కూలుకు నేను ఆ పని చేయను. ఎనిమిదో తరం మెషీన్లు కావాలంటే దొరుకుతాయి, ఒక్కోదానికి కొన్ని వేలు పెరుగుతుంది, సీట్లు తగ్గుతాయి.

---

పాలక్కాడ్_తెలుగమ్మాయి

నరసరావుపేట సార్ చెప్పిన ఆందోళన నాకు అర్థమవుతుంది. నేను తెలుగుదాన్నే, మావారి ఉద్యోగం వల్ల కేరళలో ఉంటున్నాం. మా పాప ఇక్కడ ప్రభుత్వ స్కూల్లో ఎనిమిదో తరగతి. ఇక్కడి ప్రభుత్వ స్కూళ్లన్నిటిలో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమే. ఎవరూ దాన్ని తక్కువగా చూడరు, ఎందుకంటే అందరిదీ అదే.

2001లో ఐటీ@స్కూల్ అని మొదలుపెట్టారు. 2017లో అది కైట్ అనే ప్రభుత్వ కంపెనీగా మారింది. ఉబుంటు అనే లినక్స్ రకం మీద ఆధారపడి వాళ్లే ఒక సిస్టమ్ తయారుచేసి అన్ని స్కూళ్లకూ ఇస్తారు. జియోజీబ్రా, జీకాంప్రి, టక్స్ పెయింట్, జింప్, ఇంక్‌స్కేప్, లిబ్రే ఆఫీస్, పైథాన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లన్నీ అందులో ముందే ఉంటాయి. లైసెన్సుల ఖర్చు మిగిలింది నిజమే. కానీ ఇక్కడ నడుస్తున్నది ఆ ఒక్క కారణంతో కాదు. ఐసీటీ (కంప్యూటర్) పాఠ్యపుస్తకం ఆ సిస్టమ్‌ను చూసే రాస్తారు. పదో తరగతిలో ఐటీ ప్రాక్టికల్ పరీక్ష దాని మీదే జరుగుతుంది. స్కూల్లో మామూలు టీచర్లలో ఒకరు ఐటీ కోఆర్డినేటర్‌గా ఉంటారు. వాళ్లకు శిక్షణ ఇచ్చే మాస్టర్ ట్రైనర్లూ టీచర్లే. బయటి కంపెనీ మనిషి వెళ్లిపోతే ల్యాబ్ మూతపడే పరిస్థితి లేదు.

2018 నుంచి లిటిల్ కైట్స్ అని పిల్లల క్లబ్బులు కూడా ఉన్నాయి. మా పాప అందులో ఉంది. ప్రొజెక్టర్ తీగలు పెట్టడం, సిస్టమ్ ఇన్‌స్టాల్ చేయడం, యానిమేషన్ చేయడం అన్నీ వాళ్లకు నేర్పుతారు. తరగతిలో ఏదైనా ఆగిపోతే ముందు ఈ పిల్లలే లేచి చూస్తారు.

అందుకే లినక్స్ పెడితే చాలు కేరళ అయిపోతాం అనుకోకండి మేడం. మీకు రాష్ట్రం నుంచి ఆ పుస్తకం, ఆ పరీక్ష, ఆ శిక్షణ లేవు. మీ స్కూల్లో వాటి స్థానంలో ఎవరు నిలబడతారన్నది ముందు తేల్చుకోండి.

---

జడ్పీ_లెక్కల_టీచర్

ఇది నేను అడగని ప్రశ్న, కానీ అసలు ప్రశ్న ఇదే అనిపిస్తోంది. నేను నిలబడతాను. ఇంకో ఇద్దరు టీచర్లు, ఫిజికల్ సైన్స్ మేడం, హిందీ మాస్టారు, నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. బదిలీలు వస్తే నేను వెళ్లిపోతాను కాబట్టి ముగ్గురం ఉండాలనుకున్నాం.

---

డాలస్_నాన్న

క్రోమ్‌బుక్ సంగతి నేను చెప్తాను. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడ పబ్లిక్ స్కూల్లో చదువుతున్నారు, ఇద్దరికీ స్కూలు ఇచ్చిన క్రోమ్‌బుక్‌లే. ఇక్కడ బాగా నడుస్తాయి. ఎందుకంటే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు సొంత ఐటీ విభాగం ఉంది, పగిలితే మర్నాడే ఇంకోటి ఇస్తారు, నెట్ ఎప్పుడూ ఉంటుంది. ఆ మూడిట్లో మీకు ఒక్కటీ లేదు.

ఇంకోటి. ప్రతి క్రోమ్‌బుక్‌కూ అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ఉంటుంది. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది, అంతకుముందు తక్కువే. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ తేదీ చూడకుండా కొనొద్దు.

పిల్లల డేటా సంగతి కూడా ఆలోచించండి. డెన్మార్క్‌లో హెల్సింగోర్ అనే మున్సిపాలిటీ స్కూళ్లలో క్రోమ్‌బుక్‌ల వాడకాన్ని 2022లో అక్కడి డేటా రక్షణ సంస్థ ఆపించింది, పిల్లల సమాచారం ఎటు పోతుందో సరిగ్గా అంచనా వేయలేదని. మన దేశంలో 2023లో వచ్చిన డేటా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. 380 మందికి అకౌంట్లు తెరిచి, పాస్‌వర్డ్‌లు మరిచిపోయినప్పుడల్లా మార్చి ఇచ్చే పని మీ ముగ్గురి మీదే పడుతుంది. నాకు అన్నిటికంటే బాధనిపించేది, మా పెద్దవాడికి పద్నాలుగేళ్లు వచ్చినా ఫైల్ అంటే ఏమిటో, ఫోల్డర్ అంటే ఏమిటో స్పష్టంగా తెలియదు. అన్నీ బ్రౌజర్‌లోనే.

---

బాపట్ల_బయాలజీ

ట్యాబుల గురించి ఒక మాట. 2022 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు కదా. పిల్లలు వీడియో పాఠాలు చూశారు, కొందరికి నిజంగా ఉపయోగపడ్డాయి, కాదనను. అందులో పాఠాలు అందించిన బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం ఒక కంపెనీ చేతిలో ఉంటే ఆ కంపెనీ ఉన్నంతకాలమే పాఠం.

అదీగాక, ట్యాబ్ మీద పిల్లలు చూస్తారు. తయారుచేయడం కష్టం. రెండు పేజీల తెలుగు వ్యాసం ట్యాబ్ మీద టైప్ చేయమనండి, తెలుస్తుంది. చూపించడానికైతే మనకు నాడు-నేడులో వచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (గోడకు బిగించే పెద్ద టచ్ స్క్రీన్లు) తరగతి గదుల్లోనే ఉన్నాయి. ల్యాబ్‌లో మళ్లీ చూసే వస్తువు ఎందుకు?

---

నాన్న_నరసరావుపేట

క్రోమ్‌బుక్, ట్యాబ్ వద్దంటే నేనూ ఒప్పుకుంటాను. ఎక్సెల్ మాటకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

---

పైథాన్_పంతులు (హైదరాబాద్)

నేను చెప్తాను సార్. సీబీఎస్ఈ స్కూల్లో ప్లస్ టూకు కంప్యూటర్ సైన్స్ చెప్తున్నాను. మా సిలబస్‌లో పైథాన్, మైఎస్‌క్యూఎల్ ఉంటాయి. రెండూ విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ ఒకేలా పనిచేస్తాయి. మా దగ్గరకు వచ్చే పిల్లల్లో తడబడేవాళ్లు లినక్స్ నేర్చుకున్నవాళ్లు కాదు. మెనూ బొమ్మ ఎక్కడుందో కంఠస్థం చేసినవాళ్లు. బొమ్మ చోటు మారితే వాళ్లు ఆగిపోతారు.

ఎక్సెల్ విషయానికి వస్తే, ఎనిమిదో తరగతి పిల్లవాడు నేర్చుకోవాల్సింది వరస, నిలువు గడి అంటే ఏమిటి, సెల్ చిరునామా అంటే ఏమిటి, మొత్తం, సగటు సూత్రాలు, వడపోత, గ్రాఫ్. ఇవన్నీ లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో అవే సూత్రాలతో ఉంటాయి. వీలుక్‌అప్ కూడా అదే రాత. ఈ పిల్లవాడు ఉద్యోగానికి వచ్చేది ఎనిమిది, తొమ్మిదేళ్ల తర్వాత. అప్పటి ఎక్సెల్ ఇప్పటిలా ఉండదు. ట్యాలీ డిగ్రీలో నేర్చుకుంటారు, హైస్కూల్లో అవసరం లేదు.

అసలు అవసరం ఇంకోటుంది. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ఏపీలో 2017 నుంచి, తెలంగాణలో 2018 నుంచి కంప్యూటర్ మీదే. జేఈఈ మెయిన్ కూడా అంతే. ఊళ్లో చదివిన పిల్ల ఇంటర్ అయ్యాక పరీక్ష హాల్లో మొదటిసారి మౌస్ పట్టుకుని మూడు గంటలు కూర్చుంటుంది. సబ్జెక్టు వచ్చినా స్క్రీన్ మీద చదివి, కాగితం మీద లెక్క చేసి, మళ్లీ స్క్రీన్ మీద జవాబు గుర్తించడం అలవాటు లేక టెన్షన్ పడుతుంది. ఆ అలవాటుకు ఏ సిస్టమ్ అయినా ఒకటే. పిల్లకు వారానికి రెండు పీరియడ్లు సీటు దొరకాలి, అంతే. డబ్బు సీట్ల మీద పెట్టమనేది అందుకే.

---

నాన్న_నరసరావుపేట

పరీక్ష సంగతి నిజమే. మా అన్నయ్య కూతురికి అదే జరిగింది. అయినా ఒకటి రెండు విండోస్ మెషీన్లు పెట్టండి మేడం, పదో తరగతి పిల్లలకు చివరి టర్మ్‌లో చూపించండి. ఇది నా కోరిక.

---

డీటీపీ_తెనాలి

మీ స్కూల్లో ప్రశ్నపత్రాలు ఎలా టైప్ చేస్తున్నారు మేడం? అను ఫాంట్స్, పేజ్‌మేకర్ అయితే అవి లినక్స్‌లో సరిగా రావు. పాత ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు కనపడతాయి. ల్యాబ్ అంతా లినక్స్ చేశాక తెలుగు మాస్టారు ఒకరోజు పాత పేపర్ తెరిచి, ‘ఇది పనికిరాదు’ అనేస్తారు. ఆ ఒక్క మాటతో స్కూలంతా దాని మీద నమ్మకం పోగొట్టుకుంటుంది. ఆఫీసు రూమ్‌లో ఒక విండోస్ మెషీన్ తప్పకుండా ఉంచండి. బయోమెట్రిక్ పరికరం డ్రైవర్లు, డిజిటల్ సంతకం డాంగిల్ లాంటివి కూడా దాని మీదే తేలిక.

పిల్లలకు మాత్రం మొదటి రోజు నుంచీ యూనికోడే (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే పద్ధతి) నేర్పండి. అనులో కొట్టిన తెలుగు వేరే కంప్యూటర్‌లో తెలుగు కాదు, వెతికితే దొరకదు. లినక్స్‌లో ఐబస్ అనే దాంట్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతీ ఉంటుంది. పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ నేర్పితే మంచిదని నా అభిప్రాయం. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి, గుణింతం వచ్చిన పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది. మండలి, ఎన్టీఆర్, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, ప్రశ్నపత్రం అచ్చులో చక్కగా వస్తుంది.

---

భవిత_రిసోర్స్_టీచర్

ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. మీ స్కూల్లో చూపు లేని పిల్లలు, చూపు తక్కువగా ఉన్న పిల్లలు ఉన్నారా?

---

జడ్పీ_లెక్కల_టీచర్

ఉన్నారు మేడం. ఏడో తరగతిలో ఒక అబ్బాయికి చూపు లేదు. తొమ్మిదిలో ఒక అమ్మాయికి చాలా తక్కువ.

---

భవిత_రిసోర్స్_టీచర్

అయితే ఆ విండోస్ మెషీన్లలో ఒకటి ఆఫీసు రూమ్‌లో కాదు, ల్యాబ్‌లో ఉండాలి, ఆ అబ్బాయి కోసం. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. ఈ-స్పీక్ గొంతుతో తెలుగు కూడా చదువుతుంది. గొంతు యంత్రంలా ఉంటుంది, పిల్లలు నాలుగు రోజుల్లో అలవాటు పడతారు. లినక్స్‌లో ఆర్కా అని ఉంది, అదీ తెలుగు చదువుతుంది. కానీ మా భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) పిల్లలకు ఎన్‌వీడీఏ మీదే నేర్పుతున్నాం. పెద్దయ్యాక పోటీ పరీక్షలకూ, బ్యాంకు ఉద్యోగాలకూ వెళ్లే అంధులు ఎక్కువగా వాడేదీ అదే.

ఒక మంచి హెడ్‌ఫోన్ కొనండి. కీబోర్డు మీద ఎఫ్, జే కీలకు గుర్తు గీత ఉన్నది చూసి తీసుకోండి, చవక కీబోర్డుల్లో అది అరిగిపోతుంది. అమ్మాయికి మాత్రం పెద్ద మానిటర్ ఇచ్చి, అక్షరాలు పెద్దవి చేసి, నలుపు మీద తెలుపు పెడితే సరిపోవచ్చు. అది ఏ సిస్టమ్‌లోనైనా వస్తుంది. ఆ అబ్బాయికి మౌస్ లేకుండా కీబోర్డుతోనే మొత్తం నేర్పాలి. ఎవరైనా ఒక టీచర్ వస్తే నేను నేర్పిస్తాను.

నాలుగు లక్షల్లో ఈ పిల్లవాడి వాటా కూడా ఉంది కదా మేడం. ల్యాబ్ పీరియడ్‌లో అతన్ని వరండాలో కూర్చోబెట్టకండి.

---

జడ్పీ_లెక్కల_టీచర్

కూర్చోబెట్టం మేడం. నేనే వస్తాను.

---

బాపట్ల_బయాలజీ

నెట్ లేనప్పుడు ఏం చేస్తారన్నది కూడా చెప్పాలి. గదిలోనే ఒక మెషీన్‌ను సర్వర్‌గా పెట్టుకోండి. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా తెలుగు వికీపీడియా మొత్తం, తెలుగు విక్షనరీ దించుకుని పెడితే పిల్లలందరూ నెట్ లేకుండానే చూస్తారు. కొలోరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ ప్రయోగాలు (స్క్రీన్ మీదే చేసి చూసేవి) కూడా దించుకోవచ్చు, కొన్ని తెలుగులో ఉన్నాయి. కాంతి వక్రీభవనం, ఓమ్ నియమం పాఠాలకు మీ ఫిజికల్ సైన్స్ మేడం వెంటనే వాడుకోవచ్చు. కొలిబ్రి అని ఇంకోటి ఉంది, పాఠాలు ఎక్కించి ఏ పిల్లవాడు ఎంతవరకు వచ్చాడో చూసుకోవచ్చు. జియోజీబ్రా మీకు చెప్పక్కర్లేదు.

---

పైథాన్_పంతులు (హైదరాబాద్)

పదహారు మెషీన్లూ ఒకేలా ఉండేట్టు చూసుకోండి. ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేసి, క్లోనెజిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో దాని నకలు తీసి మిగతావాటికి ఎక్కించండి. పాడైతే అరగంటలో మళ్లీ అదే నకలు ఎక్కించుకోవచ్చు. పిల్లల పని సర్వర్‌లో దాచండి, మెషీన్‌లో కాదు. టీచర్ స్క్రీన్ అందరికీ చూపించడానికి వేయన్ పెట్టండి, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. సిస్టమ్ విషయంలో ఉబుంటు అయినా మింట్ అయినా దీర్ఘకాల సపోర్ట్ ఉన్న వెర్షనే వేయండి, ప్రతి ఆరు నెలలకూ మార్చకండి.

హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది, తెలుగు అనువాదాలు చేసింది. శిక్షణకు మనుషులు కావాలంటే వాళ్లను అడిగి చూడొచ్చు.

---

రిటైర్డ్_హెచ్ఎం (కందుకూరు)

సాంకేతిక విషయాలు మీరు చూసుకోండి. కాగితాల సంగతి నేను చెప్తాను. దాతల డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ రాకూడదు. స్కూలు యాజమాన్య కమిటీలో తీర్మానం రాయించండి, కమిటీ ఖాతాలో వేయించండి, మూడు కొటేషన్లు తీసుకోండి. ప్రతి మెషీన్ సీరియల్ నంబరు స్టాక్ రిజిస్టర్‌లో రాయండి. ఆ పాత సీపీయూలు తొలగించడానికి కూడా పద్ధతి ఉంది, కమిటీ తీర్మానంతో పై అధికారులకు రాసి అనుమతి అడగండి, అప్పుడు ఆ గది కూడా మీకు వస్తుంది.

దాతలను ఒకటి అడగండి అమ్మా. నాలుగు లక్షలు ఒకేసారి ఖర్చు పెట్టొద్దు. ముప్పై, నలభై వేలు రిపేర్ల కోసం కమిటీ ఖాతాలోనే ఉంచండి. నా సర్వీసులో మౌస్ కొనడానికి డబ్బు లేక మూతపడిన ల్యాబులు చూశాను. కొత్తది ఇవ్వడానికి ముందుకొచ్చేవాళ్లు చాలామంది, పాతదానికి కీబోర్డు కొనిచ్చేవాళ్లు దొరకరు.

---

జడ్పీ_లెక్కల_టీచర్

అందరికీ కృతజ్ఞతలు. హెచ్ఎం గారితో, కమిటీతో, దాతలతో కూర్చుని మాట్లాడాం. మేం అనుకున్నది ఇది.

పద్నాలుగు చిన్న పీసీలు లినక్స్‌తో, రెండు ఎనిమిదో తరం మెషీన్లు అసలు లైసెన్సున్న విండోస్ 11తో. ఆ రెండిట్లో ఒకటి ఎన్‌వీడీఏతో ఆ అబ్బాయికి. అతను లేని పీరియడ్లలో పదో తరగతి వాళ్లు ఎక్సెల్ చూస్తారు, నరసరావుపేట సార్ కోరినట్టు. రెండోది ఆఫీసులో. వైరింగ్, ఎర్తింగ్, ఇన్వర్టర్ ముందు, మెషీన్లు తర్వాత. దాతల్లో బెంగళూరు ఆయన మొదట ఒప్పుకోలేదు, పాత మెషీన్లు ఇచ్చామంటే బాగుండదన్నారు. కొత్తవి కొంటే ఎన్ని సీట్లు తగ్గుతాయో లెక్క చూపించాక సరేనన్నారు. రిపేర్లకు నలభై వేలు ఖాతాలో ఉంచుతున్నాం.

క్లాసులో సగటున 42 మంది. పదిహేను సీట్లకు ముగ్గురు చొప్పున కూర్చోవాలి. లేదా సగం మందిని ల్యాబ్‌కు, సగం మందిని లైబ్రరీకి పంపాలి. ఏది మంచిది?

---

పాలక్కాడ్_తెలుగమ్మాయి

సగం సగం చేయండి. ముగ్గురు కూర్చుంటే ఒకరే మౌస్ పట్టుకుంటారు, చాలాసార్లు మగపిల్లవాడే. ఇద్దరైతే మధ్యలో చేతులు మార్చమని చెప్పొచ్చు.

---

ఒంగోలు_హార్డ్‌వేర్

మేడం, కొటేషన్ తాజాది తీసుకోండి, ఈమధ్య ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు పెరిగాయి. మెషీన్లకు కనీసం ఏడాది వారంటీ రాతపూర్వకంగా అడగండి. నా దగ్గరే కొనమని నేను చెప్పడం లేదు. ఎర్తింగ్ అయ్యాక న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఓల్టేజీ కొలిచి చెప్పండి, రెండు, మూడు ఓల్టుల లోపు ఉండాలి. అది చూడకుండా మాత్రం ఒక్క మెషీన్ కూడా ప్లగ్ పెట్టకండి.

---

జడ్పీ_లెక్కల_టీచర్

ఎలక్ట్రీషియన్ శనివారం వస్తున్నాడు. కొలిచి ఇక్కడే రాస్తాను.